పాలపిట్ట నీలము – అత్తగారి కన్ను

పక్షుల బొమ్మలకు రంగులు తీర్చుటనుగూర్చి వ్రాయబూని అత్తగారి కంటిశుక్లముతో మొదలిడుట చూచి మీరు నవ్వుకొందురేమో. కాని మా యింట నీ రెండును పెనవైచికొని వచ్చినవి. మా బొమ్మలో లోతు లేదని మాకు తెలిపినది ఆ కన్ను. ఆ కన్ను మసకబారినదని మాకు తెలిపినది ఆ బొమ్మ. ఒకదానిని విడిచి రెండవదానిని చెప్పుట మాకు సాధ్యము గాదు.

మాది చెన్నేకొత్తపల్లి. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఆ సంవత్సరము క్రొత్తగా నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన యూరు. పెనుకొండకు ఉత్తరమున, అనంతపురమునుండి బెంగుళూరునకు బోవు పెద్దబాటకు దాపున నున్నది. చుట్టును వేరుసెనగ చేలు, రాతిగుట్టలు, వాన కురిసిన యేట నిండి కురియని యేట నెఱ్ఱెలు వాఱు చెఱువులు. మా వారు బడిపంతులు. మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే అమరకోశమును, భారతమును, ప్రబంధములను పాఠము చెప్పిరి గాని చిత్రలేఖనము మాత్ర మెవ్వరును నేర్పలేదు. రెండేండ్ల క్రిందట మా తమ్ముడు బెంగుళూరునుండి మేనకోడలికని ఇరువదినాలుగు పాస్టెల్ పెన్సిళ్ల పెట్టె తెచ్చి యిచ్చెను. పిల్ల నాలుగు దినములు గీచి, మొనలు విఱిచి, విసిగి విడిచినది. వంటయిల్లు సర్దిన పిదప దొరకు రెండు గడియల తీరికలో మేము దానిని చేతబట్టితిమి.

పాస్టెల్ పెన్సి లనగా బడిపిల్లలు వాడు మైనపు రంగుపెన్సిలు గాదు. రంగుపొడిని మెత్తని మట్టితోను కొద్దిపాటి బంకతోను కలిపి, సన్నని కడ్డీగా చేసి, కఱ్ఱలో నిమిడ్చినది. గీచినపుడు సుద్దముక్కవలె పొడి రాలును. వ్రేలితో రుద్దిన పఱచుకొనును. పక్షి యీకయొక్క మెత్తదనమునకు ఇంతకన్న ననువైన సాధనము మేమెఱుగము. అయినను సాధన మనువైనంత మాత్రమున చేయి యనువగునా?

ఇక తగవు సంగతి. అత్తగారికి నెమలికంఠపు రంగు ధర్మవరము పట్టుచీర యొకటి కలదు. కీర్తిశేషులైన మామగారు నలువదియేండ్ల క్రిందట మగ్గము గలవారి యింటనే కొని తెచ్చినదట. పడుగు నీలము, పేక పచ్చన. కదలినపుడెల్ల ఒకమాఱు నీలముగను ఒకమాఱు ఆకుపచ్చగను తోచును. ఏటేట దసరాకు మాత్రమే దానిని కట్టుదురు. నిరుడు పండుగకు ముందు మేము దానిని పెట్టెనుండి తీసి నీడపట్టున గాలికి ఆఱవేసి, మడిచి చేతి కిచ్చితిమి. అత్తగారు తేఱిపాఱ జూచి, "ఎండలో యేసి రంగంతా పోగొట్టినావు గదమ్మే!" అనిరి. ఎండలో వేయలేదంటిమి. "బూడిద మాదిరి అగుపిస్తాంటే లేదంటావేంటికి? మీ మామ తెచ్చిన చీర గదా, నీకేం బాధ?" అనిరి.

ఆ మాట మాకు ములుకువలె నాటినది. అంతకుముందును ఇట్టివి లేకపోలేదు. ఉతికిన తెల్లచీర పసుపుబారినదనుచుండిరి. దీపము చుట్టును పొగ క్రమ్మినదనుచుండిరి. బియ్యములో రాళ్లేరుట నాకేల అని చేట నవతలికి త్రోయుచుండిరి. ఇవన్నియు వయసుతో వచ్చు చిఱాకని, కోడలిమీది యసంతృప్తియని మేమనుకొంటిమి. ఇన్ని శాస్త్రములు చదివియు ఎదుటనున్న మనిషి చెప్పుచున్న దేమో వినలేకపోతిమి.

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన తెలుగునాట నమ్మకము గదా. సంస్కృతమున దీనికి చాషమనియు కికీదివి యనియు పేర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు ఇదియే రాష్ట్రపక్షిగ నుండెను. నేడు తెలంగాణమునకును, మాకు దక్షిణమున నున్న కర్ణాటకమునకును ఇదియే. ఆ సాయంకాలము అత్తగారు వేఱొక చీర కట్టుకొని మనుమరాలి చేయి పట్టుకొని చేలగట్టునకు పోయిరి. కరెంటుతీగెమీద పిట్ట వ్రాలియుండెను. పిల్ల "అదిగో అవ్వా!" అనినది. "యాడ?" అనిరి అత్తగారు. పిల్ల మఱల చూపినది. పిట్ట రెక్క విప్పి యెగిరినది. పిల్లలందఱును ఆ నీలమును జూచి కేకలు వేసిరి. అత్తగారు మాత్రము ఏమియు ననక యింటికి వచ్చి, "ఈ యేడు నాకు అగుపియ్యలేదు" అని గోడవైపు తిరిగి పండుకొనిరి. చీర మాట యింకను మనసులో మండుచుండుటచే మేము దగ్గఱకు పోయి ఓదార్చలేదు. ఇప్పుడు తలచికొన్న సిగ్గగును.

మఱునాడు మనసు కఱగినది. పిట్టను తీగెమీదినుండి దింపి తేలేము గాని, కాగితముమీద దింపి యిత్తమనుకొంటిమి.

పాలపిట్ట కూర్చుండియున్నపుడు అంత సొగసుగ నుండదు. నడినెత్తిన నీలము, మెడయు ఱొమ్మును ఇటుకపొడివంటి కపిలవర్ణము, దానిమీద సన్నని తెల్లని చాఱలు, వీపు మాసిన మట్టిరంగు, కడుపు లేతనీలము, నల్లని ముక్కు. రెక్క విప్పిననే ముదురునీలము, లేతనీలము పట్టెలుపట్టెలుగ వెలుగును. మేము తల, ఱొమ్ము, మడిచిన రెక్క కనబడునట్లు ప్రక్కవాటుగ గీచితిమి. మాకు తెలిసిన చిత్రకళ యంతయు లేపాక్షిలో చూచినదే. అచ్యుతదేవరాయల కాలమున వీరభద్రాలయపు మండపముల పైకప్పులకు వ్రాసిన యా బొమ్మలలో నల్లని రేఖ ప్రధానము. రేఖ నడుమ కావి, పసుపు, తెలుపు మొదలగు రంగులు సమముగ పఱచియుండును. నీలము మిక్కిలి యరుదు. క్రిందనుండి తలయెత్తి చూచువారికి అంత యెత్తున రేఖయే కన్నులకందును గావున ఆ పద్ధతి యచట శోభించును. మేము దానినే అరచేయి వెడల్పు పిట్టకు పట్టించితిమి. చుట్టును నల్లగీత, లోపల నీలమునకు నీలము, కపిలమునకు కపిలము. తెల్లకాగితముమీద రంగులు మెఱసినవి. మాకు మేమే మెచ్చుకొని అత్తగారికి చూపితిమి.

అత్తగారు కాగితమును దూరముగ బట్టి, దగ్గఱగ బట్టి, "ఏం పిట్టమ్మే ఇది? దుమ్ములో పొర్లిన గువ్వా?" అనిరి. పాలపిట్ట అంటిమి. "పాలపిట్ట యాడుంది? అంతా ఒగటే మాదిరుంది. రొమ్ము యాడ ముగిసె, రెక్క యాడ మొదలాయె తెలీలే" అనిరి. మేము కాగితము లాగికొని పెట్టెలో పడవైచి పదిదినములు దానివంక చూడలేదు.

పదునొకండవనాడు పిల్ల ఆ పెట్టె తీసి అరుగుమీద కూర్చుండి ఏమో గీచుచు, "అవ్వా, నీలం పెన్సిలు అందీవా" అనినది. అత్తగారు కపిలవర్ణపు పెన్సి లిచ్చిరి. పిల్ల నవ్వి, "ఇది గాదు, నీలం" అనినది. అత్తగారు నల్లది తీసి యిచ్చిరి. "అవ్వకు రంగులే తెలీవు!" అని పిల్ల యింకను నవ్వినది. అత్తగారు నవ్వలేదు. వాకిట బియ్యము చెఱుగుచున్న మా చేతిలో చేట నిలిచిపోయినది. మసకబారిన చీర, పసుపుబారిన తెల్లచీర, దీపము చుట్టు పొగ, తీగెమీది పిట్ట, గువ్వవంటి బొమ్మ, అన్నియు నొక్కమాఱు వరుసగ వచ్చి మా యెదుట నిలిచినవి.

ఆ రాత్రి మా వారికి చెప్పితిమి. వారము తిరుగకుండ పట్టణములో కంటి ఆస్పత్రికి తీసికొనిపోయిరి. రెండు కన్నులకును శుక్లములు ముదిరినవని డాక్టరుగారు చెప్పిరట. కంటిలోపలి కటకము వయసుతో మసకబారుటయే గాక పసుపు పచ్చబడుననియు, పసుపుగాజులోనుండి చూచినట్లు తెలుపు పసుపుగ దోచుననియు, నీలపు వెలుగు లోనికి పోక నీలము బూడిదవలె, నలుపువలె నగుపించుననియు వివరించిరి. ఫ్రాన్సుదేశపు చిత్రకారుడు క్లాడ్ మోనేకును రెండు కన్నుల శుక్లములు వచ్చినవి. ఆ కాలమున నతడు వ్రాసిన తోటల బొమ్మలు ఎఱ్ఱనగను గోధుమవన్నెగను మాఱిపోయినవి. 1923లో, 82 ఏండ్ల ప్రాయమున, కుడికంటికి శస్త్రచికిత్స జరిగిన పిదప నతనికి నీలము మఱల కనబడినది. జీవితమంతయు రంగులతో గడపిన వానికే ఇట్లయిన, రాళ్లేరుటతోను పిండివంటతోను గడపిన మా అత్తగారికి తమ కన్నే తమ్ము మోసపుచ్చుచున్నదని యెట్లు తెలియును?

కాని అత్తగారు చికిత్సకు ఒప్పుకొనలేదు. "కంట్లో కత్తి పెట్టుకోను. ఈ వయసులో నాకేంటికి?" అనిరి. మా వారు చెప్పి చూచిరి, ఆడబిడ్డ ఫోనులో చెప్పి చూచినది, వినలేదు. అట్లు రెండు నెలలు గడచినవి. ఆ రెండు నెలలలోనే మేము బొమ్మ వేయుట నేర్చుకొంటిమి. మా గురువు అత్తగారే.

ఏలయనగా, ఆ కంటికి నీలము తెలియకపోయినను, వెలుగునీడల భేదము మాత్రము చక్కగ తెలియును. లేత, ముదురు అను రెండింటిని మాకన్న బాగుగ పోల్చుచుండిరి. మా కన్ను రంగుల మెఱపు జూచి మురిసి, నీలమును కపిలమును ఒకే యంతటి ముదురుతనముతో నున్నవని గ్రహింపలేకపోయినది. రంగు తీసివేసిన ఆ కంటికి రెండును ఒకటే బూడిదగ కనబడినవి. "రొమ్ము యాడ ముగిసె, రెక్క యాడ మొదలాయె" అను ప్రశ్న మాత్సర్యము గాదు. బొమ్మలోని లోపము సరిగా అదియే. తరువాత చేతిఫోనుతో మా బొమ్మను ఛాయాచిత్రము తీసి, రంగులు తొలగించి చూచితిమి. నిజముగ దుమ్ములో పొర్లిన గువ్వయే!

విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రములో నొక మాట కలదు. ఆచార్యులు రేఖను మెత్తురట, విజ్ఞులు వెలుగునీడలు తీర్చు వర్తనను మెత్తురట, స్త్రీలు భూషణములను కోరుదురట, తక్కినవారు రంగుల సమృద్ధిని కోరుదురట. ఈ లెక్కను మేము తక్కినవారిలోను, మా అత్తగారు విజ్ఞులలోను చేరిరి. స్త్రీలు భూషణములనే కోరుదురన్న యా శాస్త్రకారుడు మా అరుగుమీదికి వచ్చియుండిన తన మాట దిద్దుకొని యుండును.

ఇక నేర్చిన సంగతులు వరుసగ చెప్పెదము. మీలో నెవరికైన నుపయోగించునేమో.

మొదటిది కాగితము. నున్నని తెల్లకాగితము ఈ పెన్సిలు పొడిని పట్టుకొనదు. రెండవపూత వేయగనే జాఱును. కొంచెము గరుకుగ నుండు కాగితము కావలెను. అదియు తెల్లనిది గాక బూడిదరంగుదో మట్టిరంగుదో యైన మేలు. తెలుపుమీద ప్రతి రంగును ముదురుగనే తోచును; వెలుగు వేయుటకు చోటుండదు. నడిమివన్నె కాగితముమీద ముదురు క్రిందికి దిగును, లేత పైకి తేలును. అచటనే సగము లోతు పుట్టును.

రెండవది క్రమము. ముందు ముదురు, పిదప లేత. రెక్క క్రింది నీడ, గొంతు క్రింది నీడ, ముక్కు మొదలు, వీనిని తొలుత పెట్టి వ్రేలితో మెత్తగ పఱచి, దానిమీద నడిమి రంగు, కట్టకడపట వెలుగుపడు యీకల కొనలు. అడుగుపూతను రుద్దవలెను గాని పైపూతను రుద్దరాదు. అంతయు రుద్దిన పిట్ట దూదియగును. ఏమియు రుద్దకున్న చాపయగును. గీత యీక పెరిగిన దిక్కుననే పోవలెను: నెత్తిమీద పొట్టివి, మెడదగ్గఱ వంపుగలవి, రెక్కమీద పొడవైనవి. చిత్రసూత్రకారుడు వర్తనను పత్రజము, ఐరికము, బిందుజము అని మూడు విధములుగ చెప్పినాడు. ఆకు ఈనెలవంటి గీతలు, మిక్కిలి సన్నని పూత, చుక్కలు అని వాని యర్థము. పిట్టబొమ్మకు మూడును కావలెను. రెక్కకు మొదటిది, ఱొమ్మునకు రెండవది, కంటిచుట్టునకు మూడవది.

మూడవది నలుపు. నీడ యనగ నలుపని మేమనుకొని, రెక్కక్రింద నల్లపెన్సిలు రుద్దితిమి. అచట పిట్టకు బొక్క పడినట్లయినది. "ఈడ మసి అంటింది సూడు" అని అత్తగారే చూపిరి. పిదప నలుపును మాని, ముదురునీలముమీద ముదురు కపిలమును, దానిమీద మఱల నీలమును పూసితిమి. నీలమును కపిలమును ఎదురెదురు వన్నెలు. ఒకదానినొకటి అణచి, ప్రాణముగల చీకటి నిచ్చును. ఱొమ్ములోని నీడకును ఇంచుక నీలము, రెక్కలోని వెలుగునకును ఇంచుక కపిలము కలిపిన, రెండును ఒకే పిట్ట యొంటివని తోచును.

నాల్గవది పూతలమీద పూతలు. ఇది మాకు ధర్మవరపు చీరయే నేర్పినది. పడుగుపేకలు రెండును కలిసి నెమలికంఠమగును గాని, ఆ మూడవరంగు నూలు మగ్గముమీద నెచటను లేదు. అట్లే ఒక్క నీలపు పెన్సిలుతో పిట్టనీలము రాదు. ఊదా, ముదురునీలము, ఆకాశనీలము, ఇంచుక పచ్చ, ఒకదానిసందున ఒకటి తోచునట్లు పలుచగ వేయవలెను. చిలుకలోను ఇదే మర్మము. 2018 నుండి మన రాష్ట్రపక్షియైన రామచిలుక యీకలో ఆకుపచ్చ వర్ణద్రవ్యము లేదు. పసుపు వర్ణద్రవ్యమును, యీక నిర్మాణమువలన పుట్టు నీలపు వెలుగును కలిసి పచ్చనగును. పాలపిట్ట యీకలోను నీలిరంగు పొడి లేదు. యీకలోని సూక్ష్మమైన బోలునిర్మాణము నీలపు వెలుగునే వెనుకకు చిమ్ముటచే అట్లగుపించును. చంద్రశేఖర వేంకటరామను గారు 1930 తరువాతి దశకమున బెంగుళూరిలో నుండి ఈ పిట్ట యీకలనే పరిశీలించి వ్యాసము వ్రాసిరి. పిట్టయందే లేని రంగును పెట్టెలో నొక్క పెన్సిలుగ వెదకుట మా వెఱ్ఱి.

అయిదవది అంచు. చుట్టును నల్లగీత గీచిన పిట్ట కాగితమునకు అతుక్కొనును. మా ధర్మవరము దాపున నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు కలరు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆ బొమ్మలకు గట్టిగీతయు సమమైన రంగును చాలును. ఏలయన వెనుక దీపముండును, వెలుగే వానికి ప్రాణము. కాగితము వెనుక దీపములేదు. దీపము మనమే పెట్టవలెను. వెలుగుపడు వీపు వెనుక ముదురు నేపథ్యము, నీడపడు ఱొమ్ము ముందు లేత నేపథ్యము పెట్టిన గీత లేకయే పిట్ట ముందునకు వచ్చును. నేపథ్యము చల్లని వన్నెలతో మెత్తగ నుండవలెను. కన్ను, ముక్కు మాత్రము మొనదేలి యుండవలెను. కంటిలోని తెల్లచుక్కను అన్నిటికంటె తుదను, ఒక్కమాఱే, పెన్సిలు నొక్కి పెట్టవలెను.

తెల్లపక్షికిని ఇదియే న్యాయము. హిందూపురము వైపున చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఎఱ్ఱకాళ్ల కొంగలు వలసవచ్చి ఊరిలోని చింతచెట్లమీద గూళ్లు కట్టును. ఊరివారు వానిని చుట్టములవలె చూచుకొందురు. మా వారు పిల్లలతో పోయి తెచ్చిన ఛాయాచిత్రము చూచి ఆ కొంగను వేసితిమి. తెలుపని తెల్లపెన్సిలు పూసిన సున్నపుగోడ యైనది. నీడలో లేతనీలము, వెలుగులో వెన్నవన్నె పెట్టి, అసలైన తెలుపును భుజమున నాలుగు గీతలకే దాచుకొన్న పిదప కొంగయైనది.

చిన్న విషయములు కొన్ని. ఈ పెన్సిలును చెక్కుమరలో త్రిప్పిన మొన విఱుగును. చాకుతో కఱ్ఱ చెక్కి, మొనను గరుకుకాగితముమీద దేల్పవలెను. క్రిందపడిన లోపలి కడ్డీ ముక్కలగును. రాలిన పొడిని నోటితో నూదరాదు. కాగితము నిలువబెట్టి తట్టవలెను. పూతలెక్కువై కాగితపు గరుకు నిండిపోయిన, మెత్తని కుంచెతో దులిపి మఱల వేయవచ్చును. అద్దము వేయించునపుడు బొమ్మకు అద్దము తగులకుండ నడుమ అట్టయంచు పెట్టవలెను.

ఇట్లు ఆఱు పిట్టలు పాడుచేసి ఏడవదానిని ముగించితిమి. ప్రతిదానిని అత్తగారి యెదుట పెట్టుచుంటిమి. "ఇప్పుడు తల వేరే అగుపిస్తాంది", "గొంతు కింద గుంత పడింది, బాగుంది", "కడుపు ఇంగా సదరంగా ఉంది, ఉబ్బియ్యల్ల" అని చెప్పుచుండిరి. నెలలుగ మాటలు కఱవైన యా యిద్దఱమును పిట్టను నడుమ నుంచుకొని మాటలాడ మొదలిడితిమి.

ఏడవ పిట్టను చూచి అత్తగారు చాలసేపు మాటలాడలేదు. రెక్కమీద వ్రేలు పెట్టబోయి, పొడి చెదరునని వెనుకకు తీసికొనిరి. "ఇది పాలపిట్టే. వాలుండాది. రంగు మాత్రం బూడిదే" అనిరి. అప్పుడు మేము లోనికి పోయి పెట్టెలోని నెమలికంఠపు చీర తెచ్చి బొమ్మప్రక్కన పఱచి, "అత్తా, బొమ్మలో వేసిన నీలమే ఈ చీరలోను ఉండాది. రెండూ నీకు బూడిదగానే అగుపిస్తాయి" అంటిమి. అత్తగారు చీరను చేతులలోనికి తీసికొని వెలుగువైపు త్రిప్పి త్రిప్పి చూచిరి. "అయితే పోలేదా?" అనిరి. "పోలేదత్తా" అంటిమి. వేఱొక మాట లేదు. ఆ రాత్రి వారు నిదురింపలేదు. మంచము కిఱ్ఱుమనుట వినుచు మేమును నిదురింపలేదు. తెల్లవాఱి కాఫీ యిచ్చునపుడు, మావైపు చూడకయే, "వానితో చెప్పు, ఆస్పత్రికి పోదాం" అనిరి.

మాఘమాసమున మొదట నొక కంటికి, నెలకు రెండవదానికి చికిత్స జరిగినది. మసకబారిన కటకము తీసి తేటయైన కృత్రిమ కటకమును అమర్చిరి. భయపడినంత బాధ ఏమియు లేకపోయెను. కట్టు విప్పిన మఱునాడు ఇల్లు చేరి, చెప్పులు విడువకమునుపే పెట్టె తెఱచి చీర తీసిరి. వాకిట వెలుగులో దానిని పఱచి కూర్చుండిరి. మేము గడపకడ నిలిచియుంటిమి. "ఇంత నీలమా!" అని మెల్లగ అనిరి. పిదప, "నిన్ను నోటికొచ్చినట్లంటినే" అనిరి. మేము "నేనూ నీ కన్ను చూడలేదు గదత్తా" అంటిమి. అంతటితో తగవు తీఱినది. మా యింట ఇంతకన్న పెద్ద మాటలు చెప్పుకొను అలవాటు లేదు.

తరువాత గోడమీది బొమ్మను చూచిరి. మెచ్చుకొందురని వేచియుంటిమి. "లోతు బాగుండాది గానీ, రెక్కకింద నీలం పచ్చిగా ఉండాదమ్మే. పిట్టది ఇంత అరసదు" అనిరి. పోల్చి చూడగ ఆ మాటయు నిజమే. ఇంచుక కపిలము పూసి దానిని అణచితిమి.

ఈ యేటి విజయదశమినాడు అత్తగారు నెమలికంఠపు చీర కట్టిరి. అందఱమును చేలగట్టునకు పోయితిమి. పిట్టను మొట్టమొదట చూచినది వారే. "అద్గో!" అని చేయి చాచిరి. అది తీగెనుండి జాఱి, రెక్క విప్పి, వేరుసెనగ చేనిమీదుగ తిరిగి పోయినది. అది మఱుగగువఱకును చూచి, "నీ బొమ్మలో ఇది రాలేదు" అనిరి. రాలేదు. కూర్చున్న పిట్టను నేర్చితిమి. ఎగురు పిట్టను ఇంకను నేర్వవలెను.

సోదరీమణులారా! మీ యింట పెద్దవారు చీర వెలిసినదనినను, దీపము మసకబారినదనినను, కూరలో రాయి కనబడలేదనినను మావలె నొచ్చుకొనకుడు. ముందు రెండు రంగుల దారపుకండెలు, నీలమొకటి, గోధుమవన్నె యొకటి, వారి చేతికిచ్చి పేర్లడుగుడు. మీ బొమ్మను చూచి బాగులేదన్నవారి మాటను గూడ పది దినములు పెట్టెలో మూయక ఆనాడే తీసి చూడుడు. మేము రెండింటను ఆలస్యము చేసితిమి. అందుచేతనే ఇది వ్రాసితిమి.